తక్కువ ఖర్చులో మంచి పెన్నుల పెట్టె: విజయనగరం తేమలో నేర్చుకున్న పద్ధతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. గోడలు చెమర్చాయి. బట్టలు ఆరలేదు. ఆ గొడవలో పెన్నుల సంగతి ఎవరికి గుర్తుంటుంది? అంతా సర్దుకున్నాక బీరువా తెరిస్తే బూజు వాసన కొట్టింది. ఆన్‌లైన్‌లో 850 రూపాయలు పెట్టి కొన్న రెక్సిన్ పెట్టె అది. పైన గాజు మూత, లోపల నల్ల వెల్వెట్, చూడ్డానికి నగల కొట్టులా ఉండేది. అందులోని 12 పెన్నుల్లో రెండింటి క్లిప్పులకు పచ్చగా చిలుము పట్టింది. ఖాళీ లేక మూత అంచున ఇరికించిన తెల్ల ప్లాస్టిక్ పెన్నుకి రెక్సిన్ గీతలు అచ్చుగుద్దినట్టు దిగాయి. అది ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత పెట్టెల కోసం చాలా తిరిగాను. కొన్నాను, చేయించాను, కొన్నిటిని పనిమనిషి కూతురికి గాజులు పెట్టుకోమని ఇచ్చేశాను. ఇప్పుడు నా దగ్గర 47 పెన్నులున్నాయి, వాటికి తగ్గ పెట్టెలూ ఉన్నాయి. మీరు మొదలుపెట్టబోతుంటే ఏ వరసలో వెళ్తే డబ్బు వృథా కాదో చెబుతాను.

మొదట పెన్నుల్ని కొలవండి

అందరూ పెట్టె చూసి ముచ్చటపడి కొంటారు. ఇంటికొచ్చాక సగం పెన్నులు అందులో పట్టవు. ముందు ఒక కాగితం, స్కేలు తీసుకుని మూత పెట్టిన పెన్ను పొడవు, క్లిప్పు దగ్గర మందం రాసుకోండి. మామూలు ఫౌంటెన్ పెన్ను మూతతో 135 నుంచి 145 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒళ్ళు 12 నుంచి 14 దాకా. క్లిప్పు ఎత్తు కలిపితే 18 దాకా వస్తుంది. కాని మన రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు సేకరించేవాళ్ళకి ఈ లెక్క సరిపోదు. వాటిలో పెద్ద రకాలు 160 మిల్లీమీటర్లు దాటతాయి, బొటనవేలంత లావుంటాయి. బజార్లో దొరికే రెడీమేడ్ పెట్టెలు ఎక్కువగా సన్న పెన్నుల కోసం చేసినవి. లావు పెన్ను బలవంతంగా దూరిస్తే తీసేటప్పుడు మూత ఒక్కటే చేతికొస్తుంది, పెన్ను లోపలే ఉండిపోతుంది.

అన్నిటికంటే పొడవైన పెన్నుకి ఒక సెంటీమీటరు, లావైన దానికి నాలుగు మిల్లీమీటర్లు కలుపుకుంటే అదే మీకు కావలసిన గాడి. ఈ రెండు అంకెలు ఫోనులో రాసుకుని బజారుకి వెళ్ళండి. పెన్నుల సంఖ్యకి మాత్రం సగం అదనంగా కలపండి. 16 ఉంటే 24 గాళ్ళ పెట్టె తీసుకోండి. పెన్నులు కొనడం మానేస్తానని మీరు ఇంట్లో ఇచ్చిన మాట సంగతి నాకు తెలుసు.

ఏది దేని పక్కన ఉండకూడదో చూసుకోండి

పెన్నులన్నీ ఒక జాతి కాదు. ఎబొనైట్ అంటే రబ్బరుకి గంధకం బాగా ఎక్కువ కలిపి ఉడికించి గట్టిపరచిన సరుకు. రాజమండ్రిలో రత్నం వారు 1930లలో స్వదేశీ పెన్ను మొదలుపెట్టిన నాటి నుంచీ చేతి పెన్నులకి అదే పేరున్న సరుకు. వెలుతురు, తేమ కలిసి తగిలితే ఎబొనైట్ పైపొర రంగు మారుతుంది. నల్ల పెన్ను ముదురు కాఫీ రంగుకి తిరుగుతుంది. కాబట్టి వీటికి గాజు మూత పెట్టె పనికిరాదు. పైగా దానిలోని గంధకం కొద్దికొద్దిగా బయటికొచ్చి పక్కనున్న వెండిని నల్లబరుస్తుంది. వెండి మూత పెన్ను ఉంటే దాన్ని వేరే పెట్టెలో ఉంచండి.

పాత సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) పెన్నులది ఇంకో తంటా. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వస్తుంది. అవి పాతబడేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతాయి. గాలి ఆడని డబ్బాలో పెడితే ఆ ఆవిరి వాటినే తినేస్తుంది, పక్కవాటి లోహాన్నీ తినేస్తుంది. పైగా నిప్పు తగిలితే భగ్గున అంటుకునే సరుకు. దేవుడి గది అల్మరాలో పెన్నులు దాచే అలవాటున్న పెద్దవాళ్ళు ఉన్నారు, అక్కడ దీపం, అగరుబత్తి ఉంటాయి కదా! సెల్యులాయిడ్ ఉంటే గాలి కాస్త ఆడే పెట్టెలో, చల్లని చోట, విడిగా పెట్టండి.

సిరా నింపి రోజూ రాసే పెన్నుల్ని ఈ పెట్టెల్లో పెట్టకండి. వాటికి టేబుల్ మీద ఒక గ్లాసు చాలు, పాళీ పైకి ఉండాలి. పెట్టెలోకి వెళ్ళే పెన్ను మాత్రం మామూలు నీళ్ళతో సిరా పోయేదాకా కడిగి, ఒకటి రెండు రోజులు ఆరాకే వెళ్ళాలి. ఎబొనైట్‌ని వేడినీళ్ళలో ముంచకండి, రంగు వెలిసిపోతుంది.

పెన్నుల కొట్టు వదిలి మిగతా కొట్లు తిరగండి

ఇదే ఈ మార్గదర్శిలో డబ్బు మిగిల్చే మాట. పెన్నుల పెట్టె అన్న పేరు తగిలితే ధర పెరుగుతుంది. అదే కొలతల వస్తువు వేరే పేరుతో వేరే కొట్లో చౌకగా దొరుకుతుంది.

ఐదారు పెన్నులే ఉన్నవాళ్ళకి స్కూలు పిల్లల కంపాసు పెట్టె చాలు, నవ్వకండి. అందులో 15 సెంటీమీటర్ల స్కేలు పడుతుంది అంటే మామూలు పెన్నూ పడుతుంది. రేకు పెట్టె కాబట్టి నలగదు. గీత పడ్డచోట మన గాలికి తుప్పు పడుతుంది కనుక లోపల గుడ్డ పరవాలి. కళ్ళజోడు కొట్లో ఇచ్చే గట్టి పెట్టె కూడా మంచిదే. అందులో రెండు మూడు పెన్నులు పడతాయి, ప్రయాణానికి అంతకన్నా మంచిది నేను చూడలేదు. మీకు తెలిసిన కళ్ళజోళ్ళ కొట్టాయన ఉంటే ఊరికే ఇస్తాడు. వంటింటి డ్రాయరులో పెట్టే స్పూన్ల ట్రే కూడా పనికొస్తుంది, కాకపోతే అందులో పెన్నులు ఒకదానికొకటి తగిలి గీతలు పడతాయి. చొక్కాల అట్టపెట్టెలు, మిఠాయి డబ్బాలు మాత్రం వద్దు. అట్ట తేమ పీలుస్తుంది, చెదలకి పిలుపు.

అన్నిటికంటే పనికొచ్చింది నగల ట్రే. బంగారం కొట్లో గొలుసులు, బ్రేస్‌లెట్లు చూపించే ట్రేలు గమనించారా? పొడవాటి గాళ్ళు, మెత్తటి లోపలి గుడ్డ, ఒకదాని మీద ఒకటి పేర్చుకునే అంచులు. పెన్నుకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఇవి బంగారం కొట్లలో అమ్మరు, బంగారం కొట్లకి పెట్టెలు, సంచులు, ట్రేలు సరఫరా చేసే కొట్లు వేరే ఉంటాయి. గంటస్తంభం దగ్గర మీకు అలవాటైన నగల కొట్లో అడిగితే ఎక్కడ తెచ్చుకుంటారో చెబుతారు. అక్కడ కుదరకపోతే విశాఖ వెళ్ళే పని పడినప్పుడు పాతవూరు కురుపాం మార్కెట్‌లో ఒక గంట తిరగండి. గాజుల ట్రే ఇస్తానంటే వద్దనండి, ఉంగరాల ట్రే అసలే పనికిరాదు. గొలుసుల ట్రే అని అడగండి, మీ పొడవైన పెన్ను ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళి గాడిలో పెట్టి చూడండి. నేను 12 గాళ్ళ ట్రే 280 రూపాయలకు తెచ్చాను. మూత లేదు. బీరువా డ్రాయరులో పెట్టి పైన ఉతికిన నూలు గుడ్డ కప్పాను.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఒక్క జాగ్రత్త చెబుతాను. ఫొటో చూసి కొనకండి, లోపలి కొలత రాశారా అని చూడండి. బయటి కొలత మాత్రమే రాస్తే లోపల ఎంత తగ్గుతుందో తెలియదు. వెనక్కి పంపే వీలుండి తీరాలి.

కొట్లోనే చేయాల్సిన పరీక్షలు

మొదటిది ముక్కుతో. మూత తెరిచి లోపల ముక్కు పెట్టండి, కొట్టాయన ఏమనుకున్నా సరే. జిగురు, కిరోసిను, కొత్త చెప్పుల వాసన ఘాటుగా వస్తే ఆ పెట్టె లోపల ఏదో ఆవిరవుతోందని అర్థం. నొక్కిన చెక్కపొట్టు బోర్డుతో చేసినవి, ఇంకా ఆరని వార్నిషువి ఇలా కొడతాయి. ఆ ఆవిరి క్లిప్పుల పూతని, పాళీ పక్క లోహాన్ని మెల్లగా తింటుంది. వాసన తేలిగ్గా ఉంటే కొని, నెల రోజులు మూత తెరిచి నీడన పెట్టి, పోయాక వాడొచ్చు.

తర్వాత గోరు. మూల దగ్గర రెక్సిన్‌ని గోటితో మెల్లగా గీకండి. పొర లేచిందా, వదిలేయండి. తోలులా కనిపించే ఈ పైపొరలు మన తీరం తేమలో కొన్నేళ్ళకి సోఫా సీట్లలా పొలుసులు రాలతాయి. కొన్ని రకాల మెత్తటి ప్లాస్టిక్‌లో కలిపే నూనెలాంటి పదార్థం గట్టి ప్లాస్టిక్‌లోకి పాకి దాన్ని కరిగిస్తుంది. చిన్నప్పుడు కంపాసు పెట్టెలో రబ్బరు వెళ్ళి ప్లాస్టిక్ స్కేలుకి అతుక్కుని గుంట పడేది, గుర్తుందా? నా తెల్ల పెన్నుకి జరిగింది అదే. కాబట్టి పెన్ను ఒంటికి తగిలేచోట రెక్సిన్ ఉండకూడదు, బయట ఉంటే ఉండనీ.

మూడోది తడి గుడ్డ. తెల్ల చేతిరుమాలు మూల కొద్దిగా తడిపి లోపలి వెల్వెట్ మీద పదిసార్లు రుద్దండి. రంగు దిగితే వానాకాలంలో మీ లేత రంగు పెన్నుకీ దిగుతుంది. ముఖ్యంగా ఎర్ర వెల్వెట్‌ని నమ్మొద్దు. లోపల పెన్నుల్ని పట్టి ఉంచే ఎలాస్టిక్ పట్టీలున్నవి నేను కొనను. కొన్నాళ్ళకి అవి సాగిపోతాయి, కొన్ని జిగటగా మారి గుర్తులు పెడతాయి.

ప్లాస్టిక్ డబ్బా అయితే తిరగేసి అడుగున ముక్కోణంలో అంకె చూడండి. 5 ఉంటే పాలీప్రొపిలీన్, దిగులు లేదు. 3 ఉంటే పీవీసీ, పెట్టేయండి అక్కడే.

ఇంత చేసినా అనుమానం పోకపోతే ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. మ్యూజియంలలో దీని పెద్ద రూపం వాడతారు. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ అనే శాస్త్రవేత్త 1973లో మొదలుపెట్టిన పద్ధతి అది. వెండి, రాగి, సీసం ముక్కల్ని అనుమానం ఉన్న పదార్థంతో కలిపి, కాస్త తేమ ఉంచి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు మూసి పెడతారు. మనకంత అక్కర్లేదు. పెట్టె లోపలి గుడ్డ ముక్క ఒకటి, ఎలక్ట్రీషియన్ దగ్గర దొరికే రాగి తీగ తోమినది ఒకటి, మెరిసే వెండి ముక్క ఒకటి గాజు సీసాలో వేయండి. అవి ఒకదాన్నొకటి తాకకూడదు. తడిపిన దూది చిన్నది పక్కన వేసి మూత బిగించి నెల రోజులు ఉంచండి. అలాగే గుడ్డ లేకుండా ఇంకో సీసా పెట్టండి, లేకపోతే తేడా తెలియదు. గుడ్డ ఉన్న సీసాలోని లోహమే ఎక్కువ నల్లబడితే సంగతి తేలిపోయినట్టే.

వడ్రంగి చేత చేయించుకోవడం

20 పెన్నులు దాటితే నా సలహా ఇదే. వినడానికి ఖరీదైన వ్యవహారంలా ఉంటుంది, లెక్కేస్తే కాదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు పనస దుంగ తొలిచి చేస్తారు కదా, నాకూ పనస పెట్టే కావాలని మా వీధి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు నవ్వాడు. "పెన్నులకి పెట్టేటి బాబూ, జేబు సాలదా?" అన్నాడు. తర్వాత పనస మాట కొట్టిపారేశాడు. ఆరని పనస తెస్తే రెండు వానాకాలాలకి పలకలు వంకర తిరుగుతాయి, పాత టేకు తెచ్చుకోమన్నాడు. ఆ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాలు, కిటికీ రెక్కలు పాత కలప అమ్మేవాళ్ళ దగ్గర ఉంటాయి. ముప్పై నలభై ఏళ్ళు మన ఎండకీ వానకీ ఆరిన కలప అది, ఇక కొత్తగా వంగేది పెద్దగా ఉండదు. ఒక పొట్టి ద్వారబంధపు ముక్క 600 రూపాయలకి వచ్చింది. మేకులన్నీ తీయించి తెండి, లేకపోతే మేస్త్రీ రంపం పాడై మీతో మాట్లాడడం మానేస్తాడు.

కొలతలు అంగుళాల్లో చెప్పండి, మిల్లీమీటర్లు చెబితే ఎక్కడో ఒకచోట పొరపాటు పడుతుంది. పెన్నుకి ఒక అంగుళం వెడల్పు అనుకుంటే అడుగు వెడల్పులో 12 పెన్నులు. పొడవు 7 అంగుళాలు. ఒక్కో వరసకి అంగుళం ఎత్తు. పెట్టె అడుగున ఒక వరస, పైన ఎత్తి తీసే ట్రేలో ఇంకో వరస, మొత్తం 24. ట్రే గోడలకి అటూ ఇటూ పావంగుళం, కదలడానికి కాస్త వదులు కలిపితే పెట్టె లోపల పన్నెండున్నర, ఏడున్నర, రెండున్నర అంగుళాల పైచిలుకు ఉండాలి. అరంగుళం పలకలు వేస్తే బయట సుమారు పదమూడున్నర, ఎనిమిదిన్నర.

గాళ్ళు ఎలా చేయించాలన్నదే ఖర్చుని తేల్చేది. ఒక్కో గాడి ఉలితో తొలిపిస్తే రెండు రోజుల పని నాలుగు రోజులవుతుంది. మా మేస్త్రీ చూపించిన కిటుకు ఇది. సన్నటి పలక తీసుకుని నడిమధ్యన గీత గీసి, ఆ గీత మీద అంగుళానికొకటి చొప్పున 12 రంధ్రాలు వేశాడు. తలుపు తాళాలు బిగించేవాళ్ళ దగ్గర ఉండే 22 మిల్లీమీటర్ల బిట్టు వాడాడు. ఆపైన ఆ గీత వెంబడే పలకని రెండుగా కోసేశాడు. ఒక్కో ముక్కకి 12 అరచందమామలు! రెండూ అచ్చం ఒకేలా ఉన్న దువ్వెనలు. ఒకటి పెన్ను తలవైపు, ఒకటి తోకవైపు అడ్డంగా అతికిస్తే పెన్ను వాటి మీద పడుకుంటుంది. మధ్యలో వేలు పెట్టి తీసుకోవడానికి చోటుంటుంది. గాడిలోనుంచి గోటితో పెన్ను పెకలించే బాధ తప్పింది.

మేస్త్రీకి మూడు మాటలు గట్టిగా చెప్పండి. పెట్టె అడుగు పలక చుట్టూ జిగురు పూసి బిగించకూడదు. గోడల్లో గాడి తీసి ప్లైవుడ్ ముక్కని వదులుగా దూర్చాలి. కలప వానాకాలం అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా అంతగా ఉబ్బదు. అడుగుని బంధిస్తే ఎక్కడో ఒకచోట పగులుతుంది. రెండోది, ట్రేకీ పెట్టె గోడకీ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి. నా మొదటి ట్రే అచ్చంగా సరిపోయిందని మురిసిపోయాను, జులైలో బిగుసుకుపోయి దసరా దాకా పైకి రాలేదు. మూడోది, బందులు, స్క్రూలు ఇత్తడివి కావాలి. ఇనుపవి మన ఉప్పుగాలికి తుప్పు పట్టి టేకుకి నల్ల మరకలు పెడతాయి. ఇత్తడి స్క్రూ మెత్తన, ముందు రంధ్రం వేయకుండా తిప్పితే తల తెగుతుంది.

బయట లక్క పాలిష్ వేయించండి. లోపల ఏమీ వద్దు, చిత్రిక పట్టి సాండ్ పేపరు రుద్దితే చాలు. కలప 600, రెండు రోజుల కూలి 2,000, బందులు, గడియ 200, లోపలి గుడ్డ 150. మొత్తం 2,950 రూపాయలు, పెన్నుకి 123 పడింది. తర్వాత ఇదే పెట్టె చూసి మా తోడల్లుడు ఒకటి చేయించుకున్నాడు, ఆయన దగ్గర ఉన్నవి మూడు పెన్నులు.

లోపలి గుడ్డ

ఉన్ని గుడ్డ, ఫెల్ట్ వద్దు. ఉన్నిలో గంధకం ఉంటుంది, వెండి నల్లబడుతుంది. వాటి బదులు నూలు వాడండి. పొందూరు ఖద్దరు చొక్కాకి గుడ్డ తీసుకున్నప్పుడు మిగిలిన పీలికలు నేను వాడాను, మెత్తగా ఉంటుంది. కొత్త నూలుకి గంజి ఉంటుంది. గంజి ఉంటే బూజుకి, పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగుకి విందే. రెండుసార్లు వేడినీళ్ళలో ఉతికి, నీలం మందు పెట్టకుండా ఎండబెట్టి ఇస్త్రీ చేయండి. గుడ్డని దువ్వెనల మీద నొక్కి, చివరలు మాత్రమే కింద అతికించాలి. పెన్ను తగిలేచోట జిగురు రాకూడదు.

ఇంకాస్త మెత్తగా కావాలంటే టీవీ పెట్టెల్లో చుట్టి వచ్చే తెల్లటి నురగ షీటు గుడ్డ కింద వేయండి. పరుపుల పసుపు స్పాంజి కొన్నేళ్ళకి పొడైపోయి జిగట జిగటగా అంటుకుంటుంది, అది వద్దు.

తేమ

చెప్పుల డబ్బాలో వచ్చిన తెల్ల పొట్లాం ఒకటి వేసి హమ్మయ్య అనుకుంటారు చాలామంది. చెక్కపెట్టెలో గాలి ఆడుతూనే ఉంటుంది, కాబట్టి మన ఆగస్టు గాలికి ఆ పొట్లాం త్వరగానే నిండిపోతుంది. తర్వాత అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రంగు మారే సిలికా జెల్ కొనండి. నారింజ రంగుది ఆకుపచ్చగా మారితే నిండినట్టు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెడితే మళ్ళీ పనికొస్తుంది. పొట్లాం నుంచి గింజలు తీసి వేడి చేయాలి, పొట్లాంతో సహా పెట్టకండి. పెట్టెలో చిన్న తేమ మీటరు ఒకటి ఉంచితే ఊహతో పని ఉండదు. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజుకి దారి ఇచ్చినట్టే. గట్టి వానలున్న వారాల్లో నేను చెక్కపెట్టెని మొత్తంగా రబ్బరు రింగున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్‌తో పెట్టేస్తాను. సెల్యులాయిడ్ ఉన్న పెట్టెని మాత్రం అలా మూయను.

బియ్యం పోయమని ఎవరైనా చెబితే వినకండి, పొడి, పురుగులు తప్ప ఏమీ రాదు. కలరా ఉండలు ఆ బీరువా దరిదాపుల్లో కూడా ఉండకూడదు. ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పట్టుచీరల బీరువాలో పెన్నులు పెట్టేవాళ్ళు ఇది ఇంట్లో మాట్లాడి తేల్చుకోవాలి. నేను తేల్చుకున్నాను, పెన్నులే వేరే అల్మరాకి వెళ్ళాయి.

ఆ అల్మరా బయటి గోడకి ఆనించి ఉండకూడదు, పడమటి ఎండ తగలకూడదు. పెట్టె కింద రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తండి.

ఏడాదికి రెండుసార్లు అన్నీ తీసి చూస్తాను. మొదటిది వానలు మొదలయ్యే ముందు. రెండోది దసరా తర్వాత మా ఊళ్ళో పైడితల్లి సిరిమాను జాతర జరిగే మంగళవారం అయ్యాక వచ్చే ఆదివారం. తుపాన్లు వచ్చే కాలం అదే కాబట్టి ఆ రోజు సిలికా జెల్ మారుస్తాను, క్లిప్పులు పొడి గుడ్డతో తుడుస్తాను, ఎబొనైట్‌వి అటుతిప్పి ఇటుతిప్పి రంగు చూస్తాను. పెట్టె మూత లోపల అతికించిన కాగితం మీద తేదీ వేస్తాను. తెల్ల పెన్ను మీద రెక్సిన్ గీతలు అలాగే ఉన్నాయి, దాన్ని ట్రేలో మొదటి గాడిలోనే ఉంచాను.